ఏడెనిమిదులు పెండింగు

వేమగుంటపాలెం ఉన్నత పాఠశాలకు చదువు పీడ విరగడైంది ఫిబ్రవరి మొదటి సోమవారం నాడు. ఆ ఉదయం వచ్చిన ఉత్తర్వులో ఆ మాట సూటిగా లేదు. "నేటి బాలలు పాఠమును ఆలకించు దశను అధిగమించి, పాఠముతో క్రీడించు దశకు చేరుకొనవలసియున్నది" అని ఉంది. లెక్కల మాస్టారు, ఇన్‌చార్జి హెడ్మాస్టరు అయిన కోటిలింగం దాన్ని రెండుసార్లు చదివాడు. ప్రతి పీరియడులోనూ పిల్లల్ని రెండు జట్లు చేసి, గోడ టీవీ మీద ప్రశ్నలు వేసి, ట్యాబుల్లో జవాబులు నొక్కించాలని అర్థమైంది. దాని పేరు జ్ఞాన కబడ్డీ. మార్కు పిల్లకు రాదు, జట్టుకు వస్తుంది. వ్యక్తిగత ప్రతిభ "సామూహిక స్ఫూర్తికి విఘాతము" అని మొదటి పేజీలో ఉంది.

మూడో పేజీలో ఇంకోటి ఉంది. గణిత గురుకులంలో ప్రవేశానికి దరఖాస్తు చేయగోరు విద్యార్థి, జ్ఞాన కబడ్డీలో తాను స్వయంగా నొక్కిన జవాబులలో అరవై శాతము సరియైనవై యుండవలెను. లేనిచో దరఖాస్తు పుట తెరుచుకొనదు. గడువు మార్చి పది, సాయంత్రం ఐదు గంటలు.

మొదటి పేజీ రాసినవాడు మూడో పేజీ చదివి ఉండడనుకున్నాడు కోటిలింగం.

ఆ గురుకులం మీద ఆయన కన్ను ఏడాదిగా ఉంది. తనకోసం కాదు. ఎనిమిదో తరగతిలో సువార్త అనే పిల్ల ఉంది. వాళ్ళమ్మ ఏసమ్మ ఆ బళ్ళోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. లెక్క బోర్డు మీద సగం రాసేసరికి మిగతా సగం సువార్త నోట్లో ఉంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అలాంటి పిల్ల ఆయనకు రెండోది. మొదటి పిల్లకు పదో తరగతి కాకుండానే పెళ్ళి చేశారు. ఆ పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి వచ్చినందుకు ఆయన తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"అరవయ్యేనా సార్? నాకు వంద వస్తది" అంది సువార్త.

"రానీ. నోరు మూసుకుని నొక్కు."

అంతా సవ్యంగా జరిగేదే. కాని యంత్రంలో జట్లకు పేర్లు లేవు, రంగులున్నాయి. ఒకటి వంగపండు రంగు, ఇంకోటి కనకాంబరం రంగు. రాజధానిలో చల్లటి గదిలో కూర్చుని వాటిని ఎంచినవాడికి కంటికి ఇంపుగా అనిపించి ఉంటాయి. వేమగుంటపాలెంలో మాత్రం వంగపండు ఒక పార్టీ, కనకాంబరం ఒక పార్టీ. అక్కడ మంచినీళ్ళ ట్యాంకుకు ఐదేళ్ళకోసారి రంగు మారుతుంది. నీళ్ళు ఎక్కాయా లేదా అని అడిగేవాడు లేడు గాని, రంగు మాత్రం రెండు పూతలు వేస్తారు. పెళ్ళిపందిరికి గుడ్డ తేవాలంటే ముందు పెళ్ళికొడుకు తండ్రి ఎటువైపో కనుక్కుంటారు.

రెండోరోజు పొద్దున్నే వంగపండు పార్టీ పెద్ద జాలయ్య మనవడి రెక్క పట్టుకుని బడికి వచ్చాడు.

"ఏంది మాస్టారూ, మావోణ్ణి కనకాంబరంలో కూర్చోబెట్టావంట?"

"నేను కాదు. యంత్రం."

"యంత్రానికి ఓటుందా?"

"లేదు."

"ఓటు లేనిదానికి ఎవుడు ఎటో ఎట్టా తెలుస్తది? మూడు తరాల్నుంచీ మా ఇంటోళ్ళం వంగపండు. నిన్న వీడొచ్చి 'తాతా, మా కనకాంబరం గెలిచింది' అన్నాడు. మా ఆడది రాత్రి అన్నం ముట్టలా."

"అది ఆట జాలయ్యా."

"మరి మేం చేసేదేంది, తపస్సా?"

జాలయ్య వెనకే పున్నారావు నిలబడి ఉన్నాడు. ఆయన కనకాంబరం పార్టీ పెద్ద. ఆయన కూతుర్ని యంత్రం వంగపండులో వేసింది. పదేళ్ళుగా మాటల్లేని ఆ ఇద్దరూ మొదటిసారి ఒక్క విషయంలో ఏకమయ్యారు: పిల్లల్ని ఒకరికొకరు మార్చుకుంటామన్నారు. కోటిలింగం సరేనని యంత్రం తెరిచాడు. "ఒకసారి నమోదైన వర్ణము విద్యా సంవత్సరాంతము వరకు మార్చబడదు" అంది యంత్రం. ఇద్దరూ దాన్ని కలిసే తిట్టి, విడివిడిగా ఇళ్ళకు పోయారు.

వారం తిరిగేసరికి ఊరు ఆటలో దిగింది. సాయంత్రం బడి వదలగానే టీకొట్టు దగ్గర ఫలితాలు చెప్పాలి. పొద్దుటి సైన్సులో వంగపండు, మధ్యాహ్నం సాంఘికంలో కనకాంబరం అంటే, చదువుకున్నవాళ్ళంతా వంగపండు వైపు, రైతులంతా కనకాంబరం వైపు అని అక్కడ విశ్లేషణ జరిగేది. పున్నారావు హిందీలో తమ రంగు గెలుస్తుందని సగం మీసం పందెం కాశాడు. లింగభేదం దగ్గర జట్టు బోర్లాపడింది. ఆయన సగం మీసంతో మూడు రోజులు తిరిగి, మిగతా సగం కూడా గీయించుకుని, అది మొక్కు అన్నాడు. ఫ్రాన్సు రాజధాని తప్పు నొక్కిన పిల్లవాణ్ణి సొంత మేనమామ పలకరించడం మానేశాడు. పిల్లలు చదువుతున్నారా లేదా అని ఆ ఊళ్ళో పెద్దలు ఆరా తీయడం అదే మొదలు. అది చదువు మీద ప్రేమ అనుకున్నవాడు వెర్రివాడు.

ఫిబ్రవరి మూడో వారంలో మండల పరిషత్తు ఎన్నికల ప్రకటన వచ్చింది. మర్నాడే మండల విద్యాధికారి పరంధామం గారు జీపు దిగారు. ఆయన ఇంట్లో కాఫీ అడగడానికి కూడా "కాఫీ సరఫరా చేయవలసినదిగా" అంటారని చెప్పుకుంటారు.

"కోటిలింగం గారూ, ప్రవర్తనా నియమావళి అమలులోనికి వచ్చియున్నది. ఇట్టి తరుణములో మీ పాఠశాలయందు దినమునకు ఆరు పర్యాయములు ఒక పార్టీ రంగు విజయము సాధించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది."

"ఆట ఆపేద్దామండీ."

"ఆపుటకు వీలులేదు. అది పైవారి ప్రాధాన్యతాంశము."

"రంగులు మారుద్దామండీ."

"కంపెనీకి రాసితిమి. రంగు మార్పునకు ఉపసంఘము కూర్చుండవలె. ఉపసంఘమును నియమించుటకు నియమావళి అడ్డు."

"మరేం చేద్దాం?"

పరంధామం గారు కిటికీలోంచి సెంటరు వైపు చూశారు. అక్కడ పంచాయతీ వాళ్ళు నిచ్చెన వేసి, ఒక దివంగత నాయకుడి విగ్రహానికి తెల్లగుడ్డ చుడుతున్నారు.

"టీవీకి కూడా ముసుగు వేయుడు" అన్నారు.

వేశారు. మూడు రోజులపాటు ఎనిమిదో తరగతి నలభై ఇద్దరు పిల్లలు దుప్పటి కప్పిన టీవీ వైపు చూస్తూ జ్ఞాన కబడ్డీ ఆడారు. కోటిలింగం దుప్పటి కింద తల దూర్చి ప్రశ్న చదివేవాడు. లోపల ఉక్కకు ఆయన కళ్ళజోడు చెమ్మగిల్లి, "అక్బరు తండ్రి" అనేది "అక్బరు తొండ" అయింది. వంగపండు జట్టు గెలిచినప్పుడు మాత్రం ఆ రంగు వెలుగు గుడ్డలోంచి పొంగుకొచ్చేది. పున్నారావు దాన్ని ఫోనులో వీడియో తీసి పైకి పంపాడు.

దాంతో తనిఖీ దళం దిగింది. దళం వాళ్ళు ముందు తెలుగు టీచరమ్మ జడలోని కనకాంబరాల మాల తీయించి, కవర్లో పెట్టి సీలు వేశారు. తర్వాత వంటగదిలోకి వచ్చారు.

"ఏమ్మా, ఈ కూరేంటి?"

"గుత్తొంకాయండి" అంది ఏసమ్మ.

"ఎన్నికలయ్యేదాకా ఈ రంగు కూర వండకూడదు."

"అట్టాగే. కారెట్టు ఏపుడు చెయ్యమంటారా?"

దళం వాళ్ళకు కారెట్టు రంగు గుర్తుచేసుకోడానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత బళ్ళో రోజూ సొరకాయే. పిల్లలు సొరకాయను తిట్టారు. ఏసమ్మ మాత్రం పీట మీద సొరకాయ కోసినన్నాళ్ళూ తనలో తాను నవ్వుకుంది.

ముసుగు పాచిక పారలేదని తేలాక అసలు ఉత్తర్వు వచ్చింది. దాని పేరు సమఫలిత సాధన. "ఎన్నికల ప్రక్రియ ముగియు వరకు జ్ఞాన కబడ్డీలో ఏ జట్టూ గెలువరాదు, ఏ జట్టూ ఓడరాదు. వ్యత్యాసము సంభవించిన యెడల ప్రధానోపాధ్యాయుడు వ్యక్తిగత బాధ్యుడు." కోటిలింగానికి రిటైర్మెంటు పద్నాలుగు నెలల దూరంలో ఉంది. వ్యక్తిగత బాధ్యత అనే మాట చదివినప్పుడల్లా ఆయన చెయ్యి పెన్షను ఫైలు మీదికి పోయేది.

మొదటిరోజు జాలయ్య మనవడు చరణ్‌ను పిలిచి, "చివరి ప్రశ్నకు నువ్వు తప్పు నొక్కు" అన్నాడు. వాడు శ్రద్ధగా ఆలోచించి, తప్పనుకున్నది నొక్కాడు. అదే ఒప్పు. రెండోరోజు ఇంకొకణ్ణి నిలబెట్టాడు. వాడిదీ అదే గతి. అప్పుడు మాస్టారికి తెలిసొచ్చింది, తప్పు గురిచూసి చెప్పాలంటే ఒప్పు తెలిసి ఉండాలని. ఒప్పు ఖాయంగా తెలిసిన పిల్ల తరగతిలో ఒక్కతే.

"సువార్తా, ఇకనుంచి ప్రతి ఆటలోనూ చివరి ప్రశ్న నీది. రెండు జట్లూ సమానంగా ఉంటే నువ్వు తప్పు నొక్కాలి. మీ వంగపండు ఒకటి వెనకబడి ఉంటే ఒప్పు నొక్కాలి."

"మా జట్టు ముందున్నా, రెండు తేడా ఉన్నా సార్?"

"అటెండరు మెయిన్ ఆపుతాడు. కరెంటు పోయిన ఆట లెక్కలోకి రాదు."

"నాకెట్టా తెలుస్తది సార్?"

"నేను కళ్ళజోడు తీస్తే తప్పు."

"తప్పు నొక్కితే నా శాతం తగ్గదా సార్?"

కోటిలింగం డస్టరు వెతుక్కున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది. "కొంచెం తగ్గుతుంది. నీకు తొంభై అయిదు ఉందిగా" అన్నాడు.

తూకం కుదిరింది. ఒకరోజు, రెండు రోజులు, వారం. ఆరు పీరియడ్లూ సమానం. టీకొట్టు దగ్గర విశ్లేషకులకు పని పోయింది. పరంధామం గారు ఫోనులో అభినందించారు. సువార్త శాతం డెబ్భై ఒకటికి వచ్చింది. తర్వాత అరవై రెండు. పిల్ల పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల ఎన్ని తప్పులు సార్?" అని అడిగేది. పాలు ఎన్ని పొయ్యాలని అడిగినంత మామూలుగా అడిగేది. మాస్టారికి ఆ మామూలుతనమే గుచ్చుకునేది.

ఆయన మండలానికి వెళ్ళి పరంధామం గారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఆ పిల్లకు శాతం పడిపోతోంది. గురుకులం దరఖాస్తుకు మినహాయింపు రాయండి."

"తప్పు జవాబులు నొక్కినవారికి శాతము తగ్గుట సహజమే గదా."

"మీరు చెప్పమంటేనే గదండీ చెప్పింది."

"మేము సమఫలితమును కోరితిమి. తప్పు చెప్పుమని ఎచ్చట రాసితిమి? చూపుడు."

ఎక్కడా రాయలేదు. కోటిలింగం ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. వరుసగా పన్నెండు రోజులు సమఫలితం సాధించిన ఏకైక పాఠశాలగా వేమగుంటపాలెం పేరు పైకి పాకింది. ఈ అద్భుతాన్ని కళ్ళారా చూసి, అన్ని బళ్ళలోనూ అమలు చేయించడానికి జిల్లానుంచి పరిశీలకుల వారు వస్తున్నారని కబురొచ్చింది. వచ్చేది మార్చి పది. ఆట సాయంత్రం నాలుగింటికి. ఆ ఉదయం సువార్త శాతం యాభై తొమ్మిది పాయింటు ఏడు మూడు.

"పోనీలే, వచ్చే ఏడు తొమ్మిదో తరగతి వాళ్ళకు కూడా దరఖాస్తులుంటాయేమో" అన్నాడు మాస్టారు.

ఉండవని ఆయనకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

నాలుగింటికి తరగతి గది కిటికీల దాకా నిండింది. పరిశీలకుల వారికి తెల్ల కుర్చీ. ఆయనకు కుడివైపు పది అడుగుల దూరంలో జాలయ్య, ఎడమవైపు అంతే దూరంలో పున్నారావు. అడుగులు కొలిచింది పరంధామం గారే. దుప్పటి తీశారు. ఆట మొదలైంది. పిల్లలు తడబడ్డారు, తేరుకున్నారు. నాలుగూ నలభైకి వంగపండు తొమ్మిది, కనకాంబరం తొమ్మిది.

"అమోఘము" అన్నారు పరిశీలకుల వారు.

చివరి ప్రశ్న టీవీ మీద పడింది. ఏడు ఎనిమిదులు ఎంత?

రెండో తరగతి ప్రశ్న. గదిలో నవ్వులు మొదలై, పరంధామం గారి చూపుకు ఆగిపోయాయి. సువార్త ట్యాబు ఒళ్ళో పెట్టుకుని మాస్టారి వైపు చూసింది. కోటిలింగం కళ్ళజోడు తీశాడు. తీశాక ఆయనకు పిల్ల ముఖం సరిగ్గా ఆనలేదు. ఆనకపోవడమే నయమనిపించింది.

సువార్త నొక్కింది.

టీవీ నిండా వంగపండు రంగు పూలు రాలాయి. బాకా మోగింది. పది, తొమ్మిది.

జాలయ్య తుండు పైకెగిరి ఫ్యానుకు చుట్టుకుంది. "గెలిచాం రోయ్, ఇంక మండలం మాదే!" అని కిటికీ బయట ఎవరో అరిచారు. పున్నారావు కుర్చీ ఎక్కాడు.

"అన్యాయం! యాభై ఆరు వాళ్ళ జవాబు! ముందే చెప్పి పెట్టారు!"

"నీకు ఎక్కం రాకపోతే అది కుట్రా?" అన్నాడు జాలయ్య.

"రేయ్, నా ఎక్కాల సంగతి నీకెందుకురా!"

"ప్రశాంతత! ప్రశాంతతను పాటించవలసినదిగా..." అంటున్న పరంధామం గారి మీద ఎవరి చెప్పో పడింది. ఎవరిదో ఎవరూ ఒప్పుకోలేదు.

ఈ గోలలో సువార్త మాత్రం తల ఎత్తలేదు. ఇంకా ట్యాబు నొక్కుతూనే ఉంది. కోటిలింగం కళ్ళజోడు పెట్టుకుని, పిల్లల్ని తోసుకుంటూ ఆమె దగ్గరకు వెళ్ళాడు.

"ఏం చేస్తున్నావే?"

"దరఖాస్తు సార్. నూట యాభైకి తొంభై. అరవై శాతం. పుట తెరుచుకుంది."

"నా జోడు చూళ్ళేదా?"

"చూశాను సార్."

గడియారం నాలుగూ నలభై ఎనిమిది. పరంధామం గారు గుంపులోంచి "ఆ బాలికను ఇటు పిలువుడు! ఆ పరికరమును స్వాధీనపరచుకొనుడు!" అని కేకలేస్తున్నారు. కోటిలింగం వెనక్కి తిరిగి, చేతులు రెండూ నడుం మీద పెట్టుకుని, పిల్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"పుట్టిన తేదీ సరిగ్గా వెయ్" అన్నాడు మెల్లిగా. "తొందరపడకు. పేరు పూర్తిగా రాయి."

నాలుగూ యాభై మూడుకు దరఖాస్తు నంబరు వచ్చింది.

మర్నాడు పున్నారావు ఫిర్యాదు మీద విచారించి, పైవారు నిర్ణయం ప్రకటించారు. యాభై ఆరు ఒప్పంటే ఒక పార్టీకి కోపం, తప్పంటే ఇంకో పార్టీకి కోపం. కాబట్టి, "ఏడు ఎనిమిదుల విలువ వివాదాస్పదమైయున్నందున, ఎన్నికల ఫలితములు వెలువడి తదుపరి ఉత్తర్వులు జారీయగు వరకు సదరు విలువను పెండింగునందుంచడమైనది. ఉపాధ్యాయులెవ్వరును దానిని బోధించుట, ఉచ్చరించుట, గోడలపై వ్రాయుట నిషిద్ధము." బళ్ళో గోడమీద ఎక్కాల పట్టికలో ఆ ఒక్క గడికీ తెల్లకాగితం అంటించారు. ప్రహరీ అవతల ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లలు గొంతెత్తి ఎక్కం అప్పగించారు: "ఏడేడులు నలభై తొమ్మిది! ఏడెనిమిదులు పెండింగు! ఏడు తొమ్మిదులు అరవై మూడు!" ఆ వయసు పిల్లలు దేన్నైనా చప్పున నేర్చుకుంటారు.

సువార్త నొక్కిన జవాబు రద్దయింది. శాతం మళ్ళీ యాభై తొమ్మిది పాయింటు ఏడు మూడుకు దిగింది. కాని ఒకసారి వెళ్ళిన దరఖాస్తును వెనక్కి లాగే ఏర్పాటు యంత్రంలో లేదు. దానికి ఉపసంఘం కూర్చోవాలి. పది రోజులకు ప్రవేశపరీక్ష హాల్ టికెట్టు వచ్చింది. ఏసమ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, వంటగది పొగ తగలకుండా దూరంగా నిలబడి చూసుకుంది.

ఈలోపు ఎన్నికలు అయిపోయాయి. ఎవరో గెలిచారు. ట్యాంకుకు రంగు మారింది. తదుపరి ఉత్తర్వులు రాలేదు గనక ఏడెనిమిదులు మాత్రం పెండింగులోనే ఉంది. కోటిలింగానికి మెమో వచ్చింది. "మార్చి పదవ తేదీన మీ పాఠశాల విద్యార్థిని సరియైన జవాబు చెప్పుటకు గల కారణములను మూడు దినములలో వివరించవలెను."

ఆయన తెల్లకాగితం మీద ఒక్క ముక్క రాసి పంపాడు: "ఆమెకు వచ్చు."

సంజాయిషీ సంతృప్తికరముగా లేదనీ, ఎట్లు వచ్చినదో విచారించవలెననీ ఒక విచారణాధికారిని పంపారు. ఆయన హెడ్మాస్టరు గదిలో, హెడ్మాస్టరు కుర్చీలోనే కూర్చున్నాడు. కోటిలింగం బల్లకు ఇవతల నిలబడ్డాడు. సువార్తను పిలిపించారు.

"చూడమ్మా, భయపడకు. ఆనాడు నువ్వు ఒక జవాబు నొక్కావు. ఆ జవాబు ఏమిటో నువ్వు చెప్పకూడదు, నేను అడగకూడదు. అది నీకు ఎవరు నేర్పారు?"

సువార్త బిక్కచచ్చిపోయి మాస్టారి వైపు చూసింది.

"నన్ను చూస్తావేంటి? నిజం చెప్పు" అన్నాడు కోటిలింగం.

"మా సారేనండీ."

విచారణాధికారి తలూపి, "ఉపాధ్యాయుడే నేర్పినట్లు సాక్షి వాంగ్మూలము వలన అభియోగము నిస్సందేహముగా రుజువైనది" అని రాసుకున్నాడు. కాగితం తిప్పి, సంతకం చోటు వేలితో చూపించాడు.

కోటిలింగం దాన్ని ఆసాంతం చదివాడు. కలం తీసుకోలేదు.

"ఏమన్నా చేర్చాలా?" అన్నాడు అధికారి.

"చేర్చాలండీ. ఎనిమిది తొమ్మిదులు డెబ్భై రెండు కూడా నేనే నేర్పాను. అదీ రాసుకోండి."

అధికారి అదీ రాసుకున్నాడు.